కార్డు మీద బాగున్న కన్ను

2016 జనవరి నెల. విజయనగరంలో ఒక చిన్న ట్రస్టు కంటి ఆసుపత్రిలో నేను రిఫ్రాక్షనిస్టుగా పనిచేస్తున్నాను. డాక్టరు గారి గదిలోకి వెళ్ళే ముందు మిమ్మల్ని ఒక చీకటి గదిలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగా గోడ మీదున్న అక్షరాలు చదవమనే మనిషి ఒకడుంటాడు చూడండి, అతను నేనే. మీకు ఎంతవరకు ఆనుతోందో కొలిచి కాగితం మీద ఒక అంకె వెయ్యడం నా పని. డాక్టరు గారు ఏం చెయ్యాలన్నా ఆ అంకెతోనే మొదలుపెడతారు. భోగాపురం వైపు సముద్రపొడ్డు ఊళ్ళవాళ్ళకీ, చీపురుపల్లి వైపు మెట్ట ఊళ్ళవాళ్ళకీ నేను 'అద్దాల బావు'ని.

ఈ పనిలో పదిహేనేళ్ళుంటే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. దాని పేరు అనుమానం. డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చేవాడు ముందు తలుపు సందులోంచి చూసి చార్టు బట్టీ పట్టేస్తాడు. వికలాంగుల సర్టిఫికెట్టు కోసం వచ్చేవాడు ఏమీ కనపడదంటూనే దారికి అడ్డంగా పెట్టిన స్టూలు తప్పించుకుని తిన్నగా కుర్చీలో కూర్చుంటాడు. కన్ను మూసుకోమంటే వేళ్ళ సందుల్లోంచి చూసేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. అందుకని నా దగ్గర రెండు చార్టులుండేవి, ఒకటి గోడ మీద, ఒకటి సొరుగులో. ఎవరైనా కాస్త గబగబా చదివితే సొరుగు తెరిచేవాణ్ణి. "మీరు అద్దంలో మీ మొహం చూసుకున్నా రెండోసారి చూస్తారు" అని మా ఆవిడ ఆటపట్టిస్తుంది. నిజం చెప్పొద్దూ, నాకది గొప్పగానే ఉండేది. నన్నెవరూ బోల్తా కొట్టించలేరని ధీమాగా తిరిగేవాణ్ణి.

ఆ జనవరిలో మా రెటీనా డాక్టరు గారు నాకొక పని అప్పజెప్పారు. ఆయన విశాఖపట్నం నుంచి శనివారం శనివారం వచ్చేవారు. రెటీనా అంటే కంటి లోపల వెనక గోడని అంటిపెట్టుకుని ఉండే పలచని పొర. మనం చూసేదంతా బొమ్మ కట్టేది దాని మీదే. వయసు మళ్ళాక కొందరికి ఆ రెటీనా మీద మరో సన్నపొర పెరుగుతుంది, పాలు చల్లారాక మీగడ కట్టినట్టు. కట్టి ఊరుకోకుండా అది ముడుచుకుంటుంది, కింద ఉన్న రెటీనాని కూడా ముడతలు పెడుతుంది. దాన్ని ఎపిరెటీనల్ మెంబ్రేన్ అంటారు. ఈ జబ్బున్నవాళ్ళకి చూపు మసకెయ్యడం ఒక్కటే కాదు, తిన్నగా ఉన్న గీతలు కూడా వంకరగా కనపడతాయి. ఆపరేషన్ చేసి, కంటి లోపలుండే జిగురు తీసేసి, వెంట్రుకంత సన్నని పట్టకారుతో ఆ పొరని ఒలిచేస్తారు. అలా మా దగ్గర ఒలిపించుకున్నవాళ్ళందరికీ ఏళ్ళు గడిచాక చూపు ఎలా నిలిచిందో ఒక పట్టిక వెయ్యమన్నారు డాక్టరు గారు. ఏదో డాక్టర్ల సభలో చూపించాలట.

పాత కేసు షీట్లు ముందేసుకుని కూర్చున్నాను. చాలామంది అంకెలు దాదాపు ఒకే తీరున నడిచాయి. మొదటి ఏడాది చూపు మెల్లమెల్లగా మెరుగవుతుంది. తర్వాత శుక్లం వచ్చి తగ్గుతుంది. శుక్లం ఆపరేషన్ అయ్యాక మళ్ళీ పెరుగుతుంది. అలా రాసుకుంటూ పోతుంటే నూకమ్మ అనే ఆవిడ కాగితం దగ్గర నా పెన్ను ఆగింది.

నూకమ్మ సముద్రపొడ్డు మనిషి. 2013లో మా దగ్గరికి వచ్చేనాటికి యాభై ఆరేళ్ళు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆటోలో విజయనగరం, అక్కడినుంచి రైల్లో చీపురుపల్లి వెళ్ళి, చుట్టుపక్కల ఏడు ఊళ్ళు నడిచి అమ్మేది. "ఎడం కంటికి తాటిసెట్టు నడుం ఇరిగినట్టు కనపడతన్నాది బావూ. మడిసి మొగం సూస్తే ముక్కు పక్కకెల్లిపోతాది" అని ఆమె చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. ఆ మాటకి నవ్వుకోవడం కూడా గుర్తుంది. ఆమె మొహం మాత్రం గుర్తులేదు. రోజూ అన్ని మొహాలు చూసేవాడికి మొహాలు నిలవవు, అంకెలే నిలుస్తాయి.

ఆ అంకెలు ఇవీ. ఆపరేషన్‌కి ముందు 6/36. అంటే మంచి చూపున్న మనిషి ముప్పై ఆరు మీటర్ల దూరం నుంచి పోల్చుకునే గుర్తుని ఈమె ఆరు మీటర్ల దగ్గరికొస్తేగాని పోల్చుకోలేదు. నెల తర్వాత కూడా అంతే. మూడు నెలలకి 6/24. ఏడాదికి 6/9. రెండేళ్ళకి 6/6, అంటే ఇంక పెరగడానికి చోటు లేదు. రెండో ఏడాది తీసిన స్కాన్ చూసి డాక్టరు గారు పొంగిపోయారు కూడా. "చూశావా, అక్కడ పొర ఉండేదంటే ఎవరైనా నమ్ముతారా?" అని నన్ను పిలిచి చూపించారు. సభలో చూపించే కేసుల్లో నూకమ్మదే మొదటిది.

నాకు మాత్రం మింగుడు పడలేదు. ముందు చార్టు మీద అనుమానం వచ్చింది. చదువురాని వాళ్ళకి మేం ఇంగ్లీషు 'ఈ' అక్షరం చార్టు పెడతాం. దాని మూడు కాళ్ళు పైకా, కిందకా, కుడికా, ఎడమకా అన్నది వేళ్ళతో చూపిస్తే చాలు. బట్టీ పట్టిందేమో అనుకున్నాను. కానీ రెండో ఏడాది కాగితం మీద నా చేతిరాతతోనే 'సొరుగు చార్టు' అని ఉంది. అంటే అప్పుడే అనుమానించి మార్చి చూశాను, ఆమె అదీ చదివేసింది.

తర్వాత శుక్లం సంగతి. కంటి లోపలి జిగురు తీసేశాక, యాభై దాటినవాళ్ళకి ఏడాది రెండేళ్ళలో కంటి లోపల ముందువైపుండే లెన్స్ తెల్లబడడం మామూలు. దాన్నే శుక్లం అంటాం. దాదాపు అందరికీ వస్తుంది. నూకమ్మకి మాత్రం రెండేళ్ళ తర్వాత కూడా 'లెన్స్ క్లియర్' అని ఉంది. అదృష్టవంతురాలని అప్పట్లో సరిపెట్టుకున్నాం.

మూడోది నా సొంత అంకె. అద్దాలు చేయించేటప్పుడు రెండు కనుపాపల మధ్య దూరం స్కేలుతో కొలుస్తాం. దాన్ని పి.డి. అంటారు. 2013లో నూకమ్మ పి.డి. యాభై ఎనిమిది మిల్లీమీటర్లు. ఏడాది తర్వాత దగ్గరి చూపుకి అద్దాలు రాసినప్పుడు అరవై మూడు. రెండూ నా చేతిరాతే. చూపు పెరుగుతుంది, తరుగుతుంది, పవర్ మారుతుంది. పెద్దవాళ్ళలో ఆ దూరం మాత్రం మారదు. కొలవడంలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే నా చెయ్యి వణికిందనుకోవచ్చు. అయిదు మిల్లీమీటర్లు చెయ్యి వణకదు.

ఆ కాగితం పక్కన పెట్టి ఇంటికి వెళ్ళానన్న మాటేగాని నా బుర్ర ఊరుకోలేదు. వేరే ఎవరో ఆమె పేరు మీద వస్తున్నారు. ఎందుకు? పేరూ, ప్రతిసారీ చూపు అంకే రాసి మేం రోగి చేతికిచ్చే కార్డు కొట్టేశారా? అసలు నూకమ్మ బతికే ఉందా? పోయినామె కార్డు పట్టుకుని ఎవరైనా పరీక్షలు, అద్దాలు చేయించుకుంటున్నారా? ఇంత తెలివైన నాటకం ఆడేవాళ్ళు రెండేళ్ళు నా ముందు కూర్చుని, వేళ్ళు ఆడించి, దర్జాగా లేచి వెళ్ళిపోయారన్నది తలుచుకుంటే ఒళ్ళు మండింది.

కేసు షీట్ మీద ఉన్న ఫోను నెంబరు వాళ్ళ ఊళ్ళో కిరాణా కొట్టు ఆయనది. తెలివిగా అడిగాననుకుని, "నూకమ్మ గారు కులాసాగా ఉన్నారా?" అన్నాను.

"ఆవిడికేటండీ, ఉన్నాది. పొద్దుటే రైలుకెల్లిపోతాది" అన్నాడాయన.

బతికే ఉంది. అయితే ఇది మోసమే అని ఖాయం చేసుకున్నాను. "శనివారం ఆసుపత్రికి రమ్మనండి. కార్డు మాత్రం మర్చిపోవద్దని చెప్పండి" అన్నాను. ఎప్పుడూ అనే మాటే. డిశ్చార్జి రోజున కూడా అందరికీ అదే చెప్పేవాణ్ణి. కార్డు లేకుండా వస్తే చూడం, కార్డు తప్పనిసరి, కార్డు జాగ్రత్త.

శనివారం పొద్దున్న వరండాలోకి వచ్చి, "నూకమ్మా" అని పిలిచాను. బెంచీ చివర్న కూర్చున్న ఒక ఆడమనిషి లేచింది. బిగుతైన కొప్పు, ముక్కుకి రెండువైపులా నత్తులు, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మనిషి చలాకీగా ఉంది. మేమిచ్చిన అద్దాలే పెట్టుకుంది. ఒక చేత్తో కార్డు జాగ్రత్తగా పట్టుకుని లోపలికి వచ్చి, చెప్పకుండానే కుర్చీలో కూర్చుని కుడికన్ను మూసుకుంది. ఈ గదిలో ఏం చేస్తారో ఆమెకి కొట్టినపిండి.

నేను చార్టు జోలికి పోలేదు. వల వేశాను. "ఏ కంటికమ్మా ఆపరేషను?" అన్నాను.

"ఎడం కన్ను కదేటి."

"ఎవరు చేశారు?"

"శెనివారం డాట్రు. పొడుగ్గా ఉంటారు, ఆయనే."

"ఆ రోజు పొద్దున్న టిఫిను ఏం పెట్టారు?"

"ఇడ్లీ. సట్నీలో ఉప్పెక్కువయిపోనాది. మీ వంటావిడికి సెప్పినాను కూడాను."

ఆ చట్నీ సంగతి నాకూ గుర్తే, ఆ వారమంతా అందరూ తిట్టారు. తడుముకోకుండా ఒక్కో జవాబూ చెబుతుంటే నా అనుమానం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. ఇంత వివరంగా నేర్చుకుని వచ్చిందంటే గట్టి మనిషే అనుకున్నాను. స్కేలు తీసి పి.డి. కొలిచాను. అరవై మూడు. లైటు వేసి లెన్స్ చూశాను. గాజుబిళ్ళలా తేటగా ఉంది. ఇంక వలలూ గాలాలూ అయిపోయాయి. విసుగొచ్చి మామూలుగా అడిగాను.

"నీ పేరేటమ్మా?"

"ఎర్రమ్మ" అంది.

తడబడలేదు, తల దించుకోలేదు. అడిగితే చెప్పింది, అంతే.

"మరి నూకమ్మ?"

"మా అప్ప. పెద్దది. ఆపరేషనుకి దాని తోడు నేనే వొచ్చాను. నాలుగు రోజులు ఇక్కడే పడుకున్నాను కద బావూ, మర్సిపోనావా?"

"నూకమ్మా అని పిలిస్తే నువ్వెందుకు లేచావు?"

"కార్డు దానిది కద. రేసన్ కొట్టు కాడ మా మావ పేరు పిలిస్తే నేనే లెగుస్తాను. మా మావొచ్చి లెగుస్తాడేటి, సముద్రం మీద ఏటకెల్లిపోతాడు. మీరు కార్డు అట్టుకు రమ్మన్నారు. అప్పకి కాళీ నేదు, ఒక్కనాడు ఊరు తప్పితే ఆ ఊరు ఇంకోత్తి పట్టేస్తాది. నాకు పొద్దున్న చేపలు ఎండేసీసినాక పనుండదు. అందుకని నేనట్టుకొస్తన్నాను."

"నీ కళ్ళు పరీక్ష చేస్తుంటే, నేను కాదని ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు కూకోమన్నారు, కూకున్నాను. సూపెట్టమన్నారు, సూపెట్టాను. వొచ్చినోళ్ళ కళ్ళు కూడా సూడ్డం మీ పద్దతేమో అనుకున్నాను. పోన్లే, మంచోళ్ళని అనుకున్నాను. అప్ప సంగతి కాగితాలు సూసి సెప్తన్నారు కదా. డాట్రు బాగున్నాది అంటే ఎల్లి దానికి సెప్తన్నాను. ఈ అద్దాలు అప్పకి ఆననేదు, నాకు బాగా కుదిరీసినాయి."

కుదరకేం, అవి ఆమె కళ్ళకే కొలిచినవి. నేను కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆపరేషన్‌కి తోడొచ్చి నాలుగు రోజులు నా కళ్ళముందే తిరిగిన మనిషిని, రెండు సంవత్సరాలు ఆమె అక్క పేరుతో పిలిచి, ఆమె చూపే కొలిచి, అది అక్క ఖాతాలో రాశాను. ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. నూకమ్మకి శుక్లం రాకుండా ఉండే అవకాశం చాలా తక్కువ. రెండేళ్ళకి పైగా ఆ కన్ను ఎవరూ చూడలేదు. శుక్లం మరీ ముదిరిపోయి కంట్లో ఒత్తిడి పెరిగితే ఆ కన్ను తిరిగి రాదు.

డాక్టరు గారికి చెప్పాను.  సభ సంగతి పక్కన పెట్టమన్నారు. "ఆమె ఎక్కడుందో వెళ్ళి చూడు. ఇవాళే" అన్నారు.

మధ్యాహ్నం ఎర్రమ్మని వెంటబెట్టుకుని బస్సెక్కి చీపురుపల్లి వెళ్ళాను. ఊళ్ళు తిరిగి రైలు కోసం స్టేషనుకే వస్తుందని ఎర్రమ్మ చెప్పింది. స్టేషను బయట గోడ వారగా గోనెపట్టా పరుచుకుని ఒకామె కూర్చుని ఉంది. ముందు ఎండుచేపలు, నెత్తళ్ళు ఒకటి సావిడాయలు ఒకటి, కుప్పలుగా పోసి ఉన్నాయి. చూడ్డానికి అచ్చం ఎర్రమ్మే, పదేళ్ళు పైబడ్డట్టుంది. నెత్తళ్ళ కుప్పలో చెయ్యి పెట్టి, మధ్యలో కలిసిన వేరే చేపల్ని వేళ్ళతో తడిమి తీసి పక్కన వేస్తోంది. ఆమె చూపు మాత్రం కుప్ప మీద లేదు, రోడ్డు వైపెక్కడో ఉంది.

ఎర్రమ్మ నవ్వుతూ వెళ్ళి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది. మాట్లాడలేదు, అక్కని ఆటపట్టిద్దామనుకుందేమో.

నూకమ్మ తలెత్తి, "ఏటి కావాలమ్మా, నెత్తళ్ళా?" అంది.

ఎర్రమ్మ మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది. "అప్పా, నేనే" అంది. ఆ గొంతు వినగానే నూకమ్మ, "ఓసి, నువ్వా. ఇలగొచ్చావేటి?" అంది ఏమీ జరగనట్టు. "ఇంటికాడైతే అలికిడి బట్టి పోల్చీస్తాను. ఇక్కడ ఆటోల గోలలో తెలీనేదు."

నేను వంగి చూశాను. చార్టూ లైటూ అక్కర్లేకుండానే తెలుస్తోంది. ఎడమ కనుపాప తెల్లగా ముత్యంలా ఉంది. కుడికంట్లో కూడా శుక్లం మొదలైంది. ఏడు ఊళ్ళు తిరిగే మనిషి ఇక్కడ గోడ పక్కన ఎందుకు కూర్చుందని అడిగాను. ఊళ్ళు ఒక్కొక్కటే వదిలేశానంది. ఆటో వచ్చేది తెలియక ఒకసారి చేపలతో సహా కాలవలో పడిందట. ఆమె ఊళ్ళు ఇప్పుడు వేరే ఆమె తిరుగుతోంది.

"ఇంత కనపడకపోతే మా దగ్గరికి రాకపోయావా?" అన్నాను. కోపంగానే అన్నాను, ఆ కోపం ఎవరి మీదో నాకు తెలియలేదు.

"ఎందుకొస్తాను బావూ? కార్డు మీద బాగున్నాదని రాసినారు. ఏటేటా బాగున్నాదని మీరే రాస్తన్నారు. డాట్రే బాగున్నాదన్నాక ఆనతన్నాది కాదని ఎవులికి సెప్తాను? నాకే మతి పోతన్నాదేమో అనుకున్నాను. అందుకే ఇంట్లో కూడా సెప్పనేదు."

జరిగింది చెప్పాను. కార్డులో ఉన్న అంకెలు నీవి కావు, ఎర్రమ్మవి అన్నాను. ఆమెకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె నా వైపు తిరిగింది. నన్ను సరిగ్గా చూడలేకపోయినా, ఆ చూపుకి నేను పక్కకి జరిగాను.

"నా కార్డులో దాని కళ్ళు రాసీసినావా? ఎవులొచ్చారో మొగం సూణ్ణేదా?"

"చూడలేదు. తప్పు నాదే" అన్నాను.

"మరి ఇప్పుడు నీ మాటెలగ నమ్మీది? ఆయేళ బాగున్నాదన్నావు. ఈయేళ బాగోనేదంతన్నావు. రేపు ఇంకేటంటావో. నేన్రాను."

ఎర్రమ్మ ఏడుస్తూ బతిమాలింది. నూకమ్మ వినలేదు, నెత్తళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. ఆమెని తప్పుపట్టలేకపోయాను. అందరినీ అనుమానించడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి, నన్ను అనుమానించే మనిషి ఇప్పుడు ఎదురైంది. చివరికి నాకు చేతనైన పనే చేశాను. ఆ గోనెపట్టా పక్కన కూర్చుని, ఆమె కుడికన్ను నా అరచేత్తో మూసి, మీటరు దూరం నుంచి రెండు వేళ్ళు చూపించాను. తెలియలేదంది. ఇంకా దగ్గరికి జరిపాను. జానెడు దూరంలో "రెండు" అంది. ఎర్రమ్మ చేతిలోని కార్డు తీసుకుని, రెండేళ్ళ అంకెల మీద అడ్డంగా గీత కొట్టి, కింద ఆ రోజు తారీకు వేసి, చూసింది చూసినట్టు రాశాను.

పెన్ను చప్పుడు విని నూకమ్మ, "ఏటి రాసినావు?" అంది.

"ఎడం కన్ను బాగోలేదని రాశాను."

ఆమె చేతులు నెత్తళ్ళ మీదే ఆగిపోయాయి. "బాగోనేదని రాసినావా?" అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. "అమ్మయ్య" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయితే నాకు మతి పోనేదన్నమాట."

ఒక మనిషి చూపు పోతోందని రాస్తే ఆ మనిషి ఊపిరి పీల్చుకోవడం నా సర్వీసులో అదొక్కసారే చూశాను. ఆ ఊపిరి ఆమె రెండేళ్ళు బిగబట్టుకుని ఉంది, నా వల్ల. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆమెకి కనపడవు కాబట్టి తుడుచుకోలేదు. సాయంత్రం బస్సుకి ముగ్గురం కలిసే విజయనగరం వచ్చాం. తట్ట నేను పట్టుకున్నాను.

లోపలి జిగురు తీసేసిన కంటికి శుక్లం ఆపరేషన్ మామూలుదానికంటే జాగ్రత్తగా చెయ్యాలి, లెన్స్‌కి వెనక దన్ను ఉండదు. డాక్టరు గారు తనే చేశారు. అదృష్టం బాగుండి కంట్లో ఒత్తిడి పెరగలేదు. నెలన్నర తర్వాత కొలిస్తే 6/12 వచ్చింది. గళ్ళ కాగితం చేతికిచ్చి గీతలు ఎలా ఉన్నాయో చెప్పమన్నాను. ఈ జబ్బువాళ్ళకి వంకర ఎంత మిగిలిందో దానితోనే తెలుస్తుంది. "మజ్జలో గీత కాస్త కుంటుతాది. తాటిసెట్టు మాత్రం నిలబడిపోనాది" అంది. ఎక్కువమంది విషయంలో ఈ ఆపరేషన్ ఇచ్చేది ఇంతే. చూపు బాగుపడుతుంది, వంకర తగ్గుతుంది, ముందున్నట్టు అచ్చంగా మాత్రం రాదు. ఎర్రమ్మ కన్ను చూసి మేం మురిసిపోయిన 6/6 కన్నా ఈ 6/12 నాకు ఎక్కువ ముద్దొచ్చింది. ఆ ఏడాదే నూకమ్మ మూడు ఊళ్ళు మళ్ళీ పట్టింది. మిగతా నాలుగూ ఇంక రాలేదు.

పట్టికలో నూకమ్మ పేరు ఎదురుగా అంకెలు దిద్దాను. డాక్టరు గారు అది చూసి, "మిగతావాళ్ళ సంగతో?" అన్నారు.  ప్రతి కేసు షీటూ మళ్ళీ తిరగేశాను. ఇంకో రెండుచోట్ల అంకెలు అతకలేదు. అందులో ఒకటి మెరకముడిదాం వైపు రైతుది. ఒక ఏడాది నాట్లప్పుడు తీరిక లేక తమ్ముణ్ణి పంపానని ఆయనే ఒప్పుకున్నాడు. రెండో మనిషి ఊరు విడిచి వెళ్ళిపోయారు. ఆ పేరు పక్కన పెట్టిన ప్రశ్నార్థకం ఇప్పటికీ అలాగే ఉంది.

ఈ కేసు నాకు నేర్పింది పెద్ద రహస్యమేమీ కాదు. నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, అది అందరికంటే చిన్నది, దాన్ని నేను అడగలేదు. రోగులు అబద్ధం చెబుతారని కాచుకుని కూర్చున్నవాణ్ణి, వాళ్ళు నా మాట అక్షరాలా వింటారని ఊహించలేదు. కార్డు తెమ్మన్నాను, తెచ్చారు. కార్డులో రాసింది నమ్మారు, తమ కంటి కన్నా ఎక్కువగా నమ్మారు. అప్పటినుంచి నేను వరండాలోకి వచ్చి పేరు పెట్టి పిలవడం మానేశాను. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాక, పేరు వాళ్ళ నోటినే చెప్పించుకుంటాను. ఆ తర్వాతే చార్టు.

2018లో ఒకరోజు బయట కౌంటరు దగ్గర గొడవ వినపడితే వెళ్ళాను. నూకమ్మ. కార్డు లేకపోతే చీటీ రాయనంటున్నాడు గుమాస్తా.

"కార్డు ఎర్రమ్మ పెట్టిలో ఉండిపోనాది బావూ" అంది నన్ను చూసి. "కన్నయితే తెచ్చుకున్నాను."

గుమాస్తాకి నేను చెప్పుకుంటానని ఆమెని లోపలికి తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చుని, కుడికన్ను మూసుకుని, చార్టు వైపు తిరిగింది.

"నీ పేరేటమ్మా?" అన్నాను.

మూసుకున్న చెయ్యి తీసి నన్ను ఎగాదిగా చూసింది. "నీకు తెలీదేటి?"

"తెలుసు. అయినా చెప్పు."